పదో తరగతి ఫలితాలతో సర్కారు బడులకు ర్యాంకులు: లెక్క ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేయాలి

పదో తరగతి ఫలితాలు వచ్చిన సాయంత్రానికే జిల్లాల ర్యాంకులు బయటికొస్తాయి. మర్నాటికి మండలాల వారీ వరుస, వారం తిరగకముందే బడుల వారీ వరుస తయారవుతాయి. సమీక్ష సమావేశాల్లో కింది వరుస హెచ్‌ఎంలు లేచి నిలబడి సంజాయిషీ చెప్పుకుంటారు, పై వరుస వాళ్లకు సన్మానాలు జరుగుతాయి. ఇదంతా నడిచేది ఒకే అంకె మీద: పరీక్ష రాసినవాళ్లలో ఎంత శాతం పాసయ్యారు?

ఆ అంకె అబద్ధం చెప్పదు. అయితే అందులో నాలుగు వేర్వేరు విషయాలు కలగలిసి ఉంటాయి. బడిలోకి ఎలాంటి పిల్లలు చేరారు, వాళ్లలో ఎందరిని పరీక్ష దాకా రానిచ్చారు, ఆ ఏడాది పేపరు ఎలా వచ్చింది, అసలు రాసినవాళ్లు ఎంతమంది అనేవే ఆ నాలుగు. వీటిని తీసేశాక మిగిలేదే బడి చేసిన పని. తీయకుండా జెడ్పీ హైస్కూల్‌నీ గురుకులాన్నీ ఒకే వరుసలో నిలబెడితే, ఎక్కువ పని చేసిన ఉపాధ్యాయులే వెనుక వరుసకు పోవచ్చు. ఏటా అలాంటి బడులు కొన్ని ఉంటూనే ఉన్నాయి.

ఏడాదికీ ఏడాదికీ పోలిక

ముందుగా పేపరు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. నూటికి నూరు శాతం ఫలితం తెచ్చుకున్న బడులు 2023లో 933 ఉంటే 2024లో 2,803 అయ్యాయి, 2025లో 1,680కి పడిపోయాయి. ఒక్క ఏడాదిలో దాదాపు 1,900 బడులు మెరుగుపడి, మరుసటి ఏడాది వెయ్యికి పైగా చెడిపోయాయంటే నమ్మడం కష్టం. పేపరు స్థాయి, మూల్యాంకన తీరు, పాఠ్యపుస్తకాలు మారినప్పుడు రాష్ట్రం మొత్తం లేస్తుంది, పడుతుంది. 2024-25లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఓ జెడ్పీ హైస్కూల్‌లో 2023లో 78 శాతం, 2024లో 84, 2025లో 80 పాసయ్యారు. నోటీసు బోర్డు మీద చూస్తే 2024 ఆ బడికి మంచి ఏడాది. రాష్ట్ర సగటు తీసేసి చూస్తే కథ మారుతుంది: 2023లో సగటు కన్నా 5.7 పాయింట్లు ఎక్కువ, 2024లో 2.7 తక్కువ, 2025లో 1.1 తక్కువ. బడి వెనకబడింది 2024లోనే, అది కూడా అందరూ అభినందించిన ఏడాది. అందుకని బడి శాతాన్ని నేరుగా పోల్చకుండా, అదే ఏడాది అదే యాజమాన్యంలోని బడుల సగటుతో ఉన్న తేడాను పోల్చాలి. రాష్ట్ర సగటులో ప్రైవేటు బడులు కూడా కలిసి ఉంటాయి గనుక జెడ్పీ బడికి జెడ్పీ సగటే సరైన కొలమానం.

2020, 2021 సంవత్సరాలను పూర్తిగా వదిలేయాలి. కరోనా వల్ల ఏపీ, తెలంగాణ రెండింటిలోనూ పరీక్షలు రద్దయి అందరినీ పాస్ చేశారు. ఐదేళ్ల సగటు, పదేళ్ల సగటు అంటూ వచ్చే పట్టికల్లో ఈ రెండేళ్ల వంద శాతాలు కలిసిపోతే ఆ సగటుకు అర్థం ఉండదు.

జిల్లాల వరుసలో ఇంకో చిక్కుంది. 2022 ఫలితాలు పాత 13 జిల్లాల లెక్కన వచ్చాయి. అప్పుడు ప్రకాశం మొదట, అనంతపురం చివర. 2023 నుంచి 2025 దాకా 26 జిల్లాల లెక్క. ఆ ఏడాదీ, ఆ తర్వాత 2024, 2025లోనూ మొదట నిలిచిన పార్వతీపురం మన్యం అంతకుముందు జిల్లాగానే లేదు. కాబట్టి 2022ను, 2023ను పక్కపక్కన పెట్టి ఫలానా జిల్లా ఇన్ని స్థానాలు ఎగబాకిందని రాయడం కుదరదు. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. పాత లెక్కలు తిరగేసేవాళ్లకు అక్కడా ఇదే ఇబ్బంది.

రెండు రాష్ట్రాలను పోల్చడం ఇంకా పెద్ద పొరపాటు. 2025లో తెలంగాణలో 92.78 శాతం పాసైతే ఏపీలో 81.14. బోర్డులు వేరు, పేపర్లు వేరు. తెలంగాణలో ప్రతి సబ్జెక్టులో 20 మార్కులు బడిలోనే ఇచ్చే ఇంటర్నల్స్, పరీక్షకు 80. ఏపీలో ఇంటర్నల్స్‌ను ఎప్పుడో తీసేశారు. ఇంటర్నల్స్ ఉన్నచోట మార్కుల్లో కొంత భాగం బడి చేతిలోనే ఉంటుంది. 2025లో తెలంగాణలో 4,629 బడులు వంద శాతం సాధించాయి. అన్ని బడులు ఒకే అంకె దగ్గర ఆగినప్పుడు వాటిలో ఏది మెరుగో చెప్పే శక్తి ఆ అంకెకు ఉండదు. వేరే కొలత కావాలి.

చిన్న బడి గారడీ

వంద శాతం జాబితాలోనూ, అట్టడుగు జాబితాలోనూ చిన్న బడులే ఎక్కువగా కనిపించడానికి కారణం చాలావరకు లెక్కల్లోనే ఉంది. ఒక బడిలో ఏ పిల్లవాడైనా పాసయ్యే అవకాశం 85 శాతం అనుకుందాం. పది మంది రాస్తే అందరూ పాసయ్యే అవకాశం దాదాపు 20 శాతం, అంటే బడి ఏమీ మారకపోయినా సగటున ఐదేళ్లకోసారి వంద శాతం వస్తుంది. అదే స్థాయి బోధన ఉన్న బడిలో వంద మంది రాస్తే అందరూ పాసవడం జరగదనే చెప్పాలి. పది మంది బడికి అభినందన పత్రం, వంద మంది బడికి 'ఇంకా కష్టపడాలి' అనే సలహా అందుతాయి. రెండూ చేసిన పని ఒకటే.

ఈ ఊగిసలాట ఎంతో చూసుకునే సూత్రం సులువు. పాసైన నిష్పత్తిని తప్పిన నిష్పత్తితో గుణించి, రాసినవాళ్ల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీసి రెట్టింపు చేయాలి. 85 శాతం ఫలితం, 20 మంది విద్యార్థులు అయితే 0.85ను 0.15తో గుణిస్తే 0.1275, దాన్ని 20తో భాగిస్తే 0.0064, వర్గమూలం 0.08, రెట్టింపు 0.16. అంటే ఆ బడి ఫలితం అదృష్టం వల్లే ఇటు 16 పాయింట్లు, అటు 16 పాయింట్లు ఊగుతుంది. 200 మంది ఉంటే ఊగేది 5 పాయింట్లే. మూడేళ్ల పిల్లలను కలిపినా 20 మంది బడికి 60 మందే అవుతారు, అప్పుడు కూడా ఊగిసలాట 9 పాయింట్లు. అలాంటి రెండు బడుల్లో ఒకటి 82 దగ్గర, మరొకటి 88 దగ్గర ఉంటే ఏది మెరుగో ఎవరూ చెప్పలేరు. ఆ ఆరు పాయింట్ల మధ్యే మండల ర్యాంకుల్లో పది స్థానాలు ఉండొచ్చు.

ఇది మన దగ్గరే కనిపెట్టిన సంగతి కాదు. అమెరికాలో థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అనే ఆర్థికవేత్తలు నార్త్ కరోలినా బడుల మార్కులను పరిశీలించి 2002లో ఇదే చూపారు: చిన్న బడులే అటు బహుమతుల జాబితాలోకీ ఇటు శిక్షల జాబితాలోకీ ఎక్కువగా వచ్చిపడతాయి. పిల్లల సంఖ్య తగ్గుతున్న మన గ్రామీణ హైస్కూళ్లకు ఇది మరీ వర్తిస్తుంది. పని చేసేవాళ్లు పాటించదగ్గ నియమం ఒకటుంది. మూడేళ్లు కలిపినా 60 మంది దాటని బడులకు ర్యాంకు ఇవ్వకూడదు, వాటి జాబితా విడిగా పెట్టి సంఖ్యలు మాత్రం చూపాలి. సున్నా ఫలితం వచ్చిన బడి పేరు చదివినప్పుడు కూడా మొదట అడగాల్సింది అక్కడ ఎంతమంది రాశారనే.

ఎవరు చేరారు

సర్కారు బడి అనే ఒక్క మాట కింద చాలా రకాలున్నాయి. జిల్లా పరిషత్ హైస్కూళ్లు, ప్రభుత్వ హైస్కూళ్లు, మున్సిపల్ బడులు, మోడల్ స్కూళ్లు, కేజీబీవీలు (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు), గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలు, సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలు, జనరల్ గురుకులాలు. వీటిలో పిల్లలు చేరే దారే వేరు, ఫలితాల్లో తేడాకు పెద్ద కారణం అదే.

గురుకుల పద్ధతి 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. పి.వి. నరసింహారావు చొరవతో వచ్చిన ఆ బడి ఉద్దేశం పల్లె పిల్లల్లో చురుకైన వాళ్లను ఏరి, హాస్టల్‌లో ఉంచి చదివించడం. తాడికొండ, కొడిగెనహళ్లి దాని వెంటే వచ్చాయి. ఆ ఉద్దేశం మంచిదే, అక్కడ చదివినవాళ్లు దాన్ని నిలబెట్టారు కూడా. కానీ ఐదో తరగతిలో ప్రవేశ పరీక్ష పెట్టి ఏరుకున్న బడిని, ఊళ్లో మిగిలిన పిల్లలందరినీ చేర్చుకునే జెడ్పీ హైస్కూల్‌ను పదో తరగతి శాతంతో పోల్చితే కొలిచేది ఐదేళ్ల కిందటి ప్రవేశ పరీక్షను. పైగా మండలంలో చురుకైన పాతికమంది గురుకులానికో మోడల్ స్కూల్‌కో వెళ్లిపోయాక అదే మండలంలోని జెడ్పీ బడి సగటు దానంతటదే కిందికి దిగుతుంది. ఒకరి ర్యాంకు పెరగడంలోనే ఇంకొకరి ర్యాంకు తగ్గడం ఉంది.

కేజీబీవీ దీనికి పూర్తిగా ఎదురు. బడి మానేసిన, అనాథలైన, పేద కుటుంబాల ఆడపిల్లలకే అక్కడ మొదటి ప్రాధాన్యం. కేజీబీవీ 85 శాతం తెచ్చుకోవడం, ఎంపిక చేసుకున్న గురుకులం 95 తెచ్చుకోవడం ఒకే గీతతో కొలవదగ్గవి కావు. రెండింటిలో ఏది ఎక్కువ నేర్పిందో ఆ రెండంకెలు చెప్పవు.

ఊళ్ల మధ్య తేడా కూడా ఇలాంటిదే. 2024లో ఏపీలో కర్నూలు జిల్లా 62.47 శాతంతో చివర నిలిచింది. ఆ జిల్లా పశ్చిమాన కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు మండలాల నుంచి కుటుంబాలు మిర్చి కోతలకు గుంటూరు ప్రాంతానికి వలస వెళ్తాయి. కోతల కాలం సరిగ్గా పదో తరగతి చివరి మూడు నెలల మీద పడుతుంది. పిల్లలను ఊళ్లోనే ఉంచడానికి సీజనల్ హాస్టళ్లు నడుపుతారు గానీ, అవి ఎప్పుడు తెరుచుకున్నాయి, ఎందరిని ఆపగలిగాయి అన్నదాన్ని బట్టి హాజరు మారిపోతుంది. జిల్లా వెనుకబాటుకు అదొక్కటే కారణమని కాదు. కానీ అలాంటి మండలంలో జనవరి నుంచి మార్చి దాకా హాజరు 80 శాతం నిలబెట్టిన బడి ఏ ర్యాంకుల పట్టికలోనూ కనిపించదు. ఈ వరుసలు చేసే అన్యాయాల్లో పెద్దది ఇదే.

పరీక్ష దాకా ఎవరు వచ్చారు

శాతం లెక్కలో పైన ఉండే పాసైనవాళ్ల సంఖ్యను అందరూ చూస్తారు, కింద ఉండే హారాన్ని ఎవరూ చూడరు. హారం నామినల్ రోల్స్‌తో మొదలవుతుంది, అంటే పరీక్ష ఫీజు కట్టి రాయడానికి నమోదైన పిల్లలతో. తొమ్మిదిలో ఉండి నామినల్ రోల్స్‌కు చేరనివాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. కొందరు పనికి పోతారు, కొందరు ఊరు మారతారు, కొందరు ఆడపిల్లలకు పెళ్లవుతుంది. ర్యాంకుల ఒత్తిడి ఉన్నచోట కొందరికి టీసీ ఇచ్చి పంపేయాలన్న ఆలోచన పుడుతుంది.

పక్కపక్క ఊళ్లలో రెండు బడులు అనుకుందాం. మొదటి బడిలో తొమ్మిదో తరగతిలో 52 మంది. నామినల్ రోల్స్‌లో 44 మంది. పాసైనవాళ్లు 41. ఫలితం 93.2 శాతం. రెండో బడిలో తొమ్మిదిలో 60, నామినల్ రోల్స్‌లో 60, పాసైనవాళ్లు 51. ఫలితం 85 శాతం. మండల సమీక్షలో మొదటి బడికి చప్పట్లు పడతాయి. హారంలో తొమ్మిదో తరగతి సంఖ్య పెట్టి చూస్తే మొదటి బడి 78.8, రెండోది 85. ఎనిమిది మంది పిల్లలు ఎక్కడికి పోయారన్నదే అక్కడ అసలు ప్రశ్న.

ఈ లెక్కకు కావలసిన సమాచారం ప్రభుత్వం దగ్గరే ఉంది. బడుల వివరాలన్నీ ఉండే కేంద్ర డేటాబేస్ యూడైస్ ప్లస్‌లో ప్రతి బడి సెప్టెంబరు 30 నాటి తరగతుల వారీ సంఖ్య నమోదు చేస్తుంది. ముందు ఏడాది సెప్టెంబరు 30 నాటి తొమ్మిదో తరగతి సంఖ్యను హారంగా తీసుకుని, టీసీ మీద వెళ్లి వేరే బడిలో నిజంగా చేరినట్టు రుజువున్నవాళ్లను మాత్రం తీసేయాలి. రుజువు లేని టీసీని తీసివేయకూడదు, అలా చేస్తే పాత తప్పే వెనక తలుపు గుండా వస్తుంది. కొత్తగా వచ్చి చేరినవాళ్లను హారంలో కలపాలి.

తిరిగి చేర్చుకున్నవాళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. పదో తరగతి తప్పిన పిల్లలు మళ్లీ రెగ్యులర్‌గా బడిలో చేరే వీలును ఏపీ 2023-24లో కల్పించింది. బడి మానేసినవాళ్లను వెనక్కి తెచ్చే కార్యక్రమాలు రెండు రాష్ట్రాల్లోనూ జరుగుతాయి. అలాంటి పది మందిని చేర్చుకున్న హెచ్‌ఎంకు శాతం తగ్గుతుందన్న భయం ఉంటే తలుపు తెరవరు. వాళ్ల ఫలితాన్ని విడి గడిలో చూపాలి, ఎందరు చేరారో, ఎందరు గట్టెక్కారో. ఆ పని చేసిన బడికి అది గౌరవం అవుతుంది.

కోడ్‌ల చిక్కు

చేతితో లెక్కలు కట్టేవాళ్లు ఎక్కువగా ఇబ్బందిపడేది ఇక్కడే. యూడైస్ కోడ్‌లో 11 అంకెలుంటాయి: రాష్ట్రానికి రెండు, జిల్లాకు రెండు, మండలానికి రెండు, గ్రామానికి మూడు, బడికి రెండు. ఏపీవి 28తో, తెలంగాణవి 36తో మొదలవుతాయి. పరీక్షల విభాగం ఇచ్చే ఎస్సెస్సీ బడి కోడ్ వేరు. రెండు జాబితాలను పేరును బట్టి కలిపితే బాలుర హైస్కూల్ ఫలితం బాలికల హైస్కూల్ పక్కన పడుతుంది, ఒకే ఊరి పేరున్న రెండు మండలాల బడులు ఒకటైపోతాయి. ప్రతి బడికి రెండు కోడ్‌లనూ జతచేసిన పట్టిక ముందు తయారు చేసుకోవాలి. ఎక్సెల్‌లో పని చేస్తే కోడ్ గడిని టెక్స్ట్‌గా పెట్టాలి, లేకపోతే 11 అంకెలు కుదించుకుపోయి చివరి అంకెలు కనిపించకుండా పోతాయి. విలీనమైన బడులకు మూడేళ్ల చరిత్ర కలపకూడదు, ఎందుకంటే వచ్చిన పిల్లలు మారిపోయారు.

పాస్ గీత ఏం దాస్తుంది

35 మార్కుల గీత ఒక్కటే చూస్తే బడి శక్తి అంతా ఆ గీత చుట్టూ తిరుగుతుంది. డిసెంబరు నుంచి చాలా బడుల్లో పిల్లలను మూడు నాలుగు గ్రూపులు చేస్తారు. సబ్జెక్టుకు 30 దగ్గర ఊగుతున్నవాళ్లకు స్టడీ అవర్స్, స్లిప్ టెస్టులు, టీచర్ల దత్తత. వాళ్లకది మేలే. కానీ 12 మార్కుల పిల్లవాడు ఈ ఏడాది గట్టెక్కడని వదిలేస్తే శాతం తగ్గదు, 60 వచ్చే పిల్లను 85కి చేర్చినా శాతం పెరగదు. శాతంతోనే తీర్పు చెప్పే చోట ఈ రెండు చివరలా పిల్లలు నష్టపోతారు.

దీనికి మందు, ప్రతి బడిలో మార్కుల వారీగా కింది పావు వంతు పిల్లల సగటు తీసి విడిగా చూపడం. 48 మంది ఉంటే చివరి 12 మంది సగటు. అది పెరిగిందంటే బడి అట్టడుగు పిల్లలకు ఏదో నేర్పిందని అర్థం, గీత దాటినా దాటకపోయినా. ఆరు సబ్జెక్టుల మొత్తం మార్కులతో పాటు గణితం, సైన్స్ విడిగా చూడాలి, ఎందుకంటే తప్పేవాళ్లు ఎక్కువగా తప్పేది అక్కడే. హిందీని ఈ లెక్కలోకి తేకపోవడం మేలు. ఏపీలో హిందీకి 20 మార్కులు వస్తే పాస్, మిగతావాటికి 35, కాబట్టి ఆ గీత వేరు. మాధ్యమం కూడా చూడాలి. 2025లో ఏపీలో 5.6 లక్షలకు పైగా ఇంగ్లిష్ మీడియంలో రాస్తే తెలుగు మీడియంలో రాసినవాళ్లు 51 వేల మంది. ఇంత చిన్న గుంపుగా మిగిలినవాళ్ల శాతాన్ని మిగతావాళ్ల శాతంతో పోల్చి మాధ్యమం మంచిచెడ్డలు తేల్చడం తప్పు, వాళ్లు యాదృచ్ఛికంగా అక్కడ మిగల్లేదు.

మార్చి ఫలితాలను తుది లెక్కగా తీసుకోకూడదు. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌లో మార్కులు మారతాయి. చిన్న బడిలో ఇద్దరి మార్కులు మారితే ర్యాంకు ఎక్కడికో పోతుంది.

టీచరు ఉన్నాడా

ఫలితాన్ని వివరించే అంశాల్లో పట్టికల్లో సరిగా కనిపించనిది సబ్జెక్ట్ టీచరు ఉన్న నెలలు. విద్యార్థి-ఉపాధ్యాయ నిష్పత్తి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమికంలో 30కి ఒకరు, ప్రాథమికోన్నతంలో 35కి ఒకరు. జిల్లా సగటు చూస్తే అన్నీ సవ్యంగానే ఉంటాయి. యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల్లో దేశంలోని ఏకోపాధ్యాయ బడులు లక్ష దాటాయి. వాటిలో 12,912 బడులతో ఏపీ మొదటి స్థానంలో ఉంది. పిల్లలే లేని బడులు తెలంగాణలో 2,245. ఇలాంటి బడులన్నీ కలిసిన సగటు ఏ ఒక్క బడి పరిస్థితినీ చెప్పదు.

హైస్కూల్‌లో అడగాల్సింది నిష్పత్తి కన్నా వివరంగా ఉండాలి. జూన్ నుంచి మార్చి దాకా పది నెలల్లో గణితం స్కూల్ అసిస్టెంట్ ఎన్ని నెలలు తరగతిలో ఉన్నారు? బదిలీలు ఏడాది మధ్యలో జరిగితే రెండు నెలలు పోతాయి. ప్రసూతి సెలవుకు బదులు ఎవరూ రాకపోతే ఆరు నెలలు పోతాయి. డెప్యుటేషన్, వర్క్ అడ్జస్ట్‌మెంట్ పేరుతో జీతం ఒక బడిలో, పని ఇంకో బడిలో ఉండేవాళ్లున్నారు. రికార్డులో పోస్టు నిండినట్టే కనిపిస్తుంది, తరగతి ఖాళీగా ఉంటుంది. పది నెలల్లో ఎనిమిది నెలలు గణితం టీచరు లేని బడిని ఫలితాలు అడిగే ముందు ఆ పోస్టు ఎందుకు నింపలేదని జిల్లా కార్యాలయాన్ని అడగాలి. ర్యాంకు పట్టికలో ఈ ఒక్క గడి చేర్చినా సమీక్షల్లో ఎవరు సంజాయిషీ చెప్పాలో మారిపోతుంది.

సౌకర్యాలు కలిపితే

బోధననూ భవనాన్నీ ఒకే మొత్తం మార్కులోకి కలిపితే, ఎంత బరువు దేనికిచ్చారన్నదే ర్యాంకును తేలుస్తుంది. కేంద్రం జిల్లాలకు ఇచ్చే పనితీరు సూచీ పీజీఐ-డీలో మొత్తం 600 మార్కులు. అందులో అభ్యసన ఫలితాలకు 290, తరగతి బోధనకు 90, పాలనకు 84, మౌలిక సౌకర్యాలకు 51, డిజిటల్ అభ్యసనకు 50, భద్రతకు 35. సౌకర్యాల బరువు 51 నుంచి 150కి పెంచితే చాలా జిల్లాల స్థానాలు మారిపోతాయి, పిల్లలకు మాత్రం ఏమీ మారదు. అందుకే ఆ సూచీ ఒకటి, రెండు, మూడు అని వరుస కట్టకుండా గ్రేడ్‌లు ఇస్తుంది. బడుల విషయంలో అంతకన్నా జాగ్రత్త కావాలి.

యూడైస్‌లో సౌకర్యాల సమాచారం బడి తానే నింపుకునేది. మరుగుదొడ్డి ఉందా అనే గడిలో ఉంది అని రాస్తే అది నిజమే కావచ్చు, నీళ్లు రాకపోవచ్చు. చూడటానికి వెళ్లినవాళ్లు బాలికల మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గర ఉందో, మధ్యాహ్నం భోజనం తర్వాత కుళాయిలో నీళ్లున్నాయో చూస్తే చాలు, సగం తెలిసిపోతుంది. సౌకర్యాలను ఉంది, పనిచేస్తోంది, పనిచేయడం లేదు అని మూడు మాటల్లో విడిగా చూపాలి. అభ్యసన మార్కులతో కలపకూడదు.

శాలా సిద్ధి అనే జాతీయ కార్యక్రమం కింద బడులు చేసుకునే స్వీయ మూల్యాంకనంలో ఏడు రంగాలు, 46 ప్రమాణాలు ఉన్నాయి. బడి తన లోపాలు తాను తెలుసుకోవడానికి అది మంచి సాధనం. దాన్ని ర్యాంకులకు వాడితే మాత్రం నిజాయితీగా తక్కువ వేసుకున్న బడే నష్టపోతుంది.

జాతీయ సర్వేల సంగతి క్లుప్తంగా. 2021 నవంబరు 12న జరిగిన న్యాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే), 2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ శాంపిల్ సర్వేలు. ఎంపిక చేసిన బడుల్లో కొందరు పిల్లలే రాస్తారు, కాబట్టి జిల్లా స్థాయి దాటి కిందికి వాటిని తేకూడదు. అసర్ సర్వే గ్రామాల్లో ఇళ్లకు వెళ్లి పిల్లలను చదివించి చూస్తుంది, బడిని కొలవదు.

మొదలెక్కడ

బడి చేసిన పనిని కొలవడానికి అసలైన దారి, పిల్లవాడు ఆరో తరగతిలో చేరినప్పుడు ఎక్కడున్నాడో తెలుసుకుని, పదిలో ఎక్కడికి చేరాడో చూడటం. ఇంగ్లండ్ 2016 నుంచి ప్రోగ్రెస్ 8 పేరుతో ఇదే చేసింది. ప్రాథమిక బడి చివర ఒకే స్థాయిలో ఉన్న పిల్లలు దేశమంతటా సగటున ఎంత సాధించారో చూసి, ఈ బడి పిల్లలు దానికన్నా ఎంత ఎక్కువో తక్కువో లెక్కకట్టింది. అంతకుముందు పేదరికం, జాతి వంటి నేపథ్యాలతో సర్దుబాటు చేసే పద్ధతి పెట్టి, పేద పిల్లల నుంచి తక్కువ ఆశించడాన్ని అది ఖాయం చేస్తోందన్న విమర్శతో పక్కన పెట్టింది. మనకూ ఆ హెచ్చరిక వర్తిస్తుంది. మొదటి మార్కుతో సర్దుబాటు చేయాలి, కులంతో కాదు.

మనకున్న చిక్కు ఆ మొదటి మార్కు నమ్మదగ్గది కాకపోవడం. తెలంగాణలో తొలిమెట్టు, ఉన్నతి కార్యక్రమాల కింద ఆరంభ పరీక్షలు పెట్టారు, ఏపీలో ఓఎంఆర్ పద్ధతిలో తరగతి పరీక్షలు జరిగాయి. కానీ పరీక్ష పెట్టేది, చూసుకునేది ఆ బడి టీచరే. ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ ఆంధ్రప్రదేశ్ బడుల్లో చేసిన అధ్యయనంలో, టీచర్ల పర్యవేక్షణలో కాగితం మీద జరిగిన పరీక్షలు పిల్లల స్థాయిని ఉన్నదానికన్నా బాగా ఎక్కువ చేసి చూపాయి. ట్యాబ్‌ల మీద బయటివాళ్లు పెట్టిన పరీక్షల ఫలితం స్వతంత్ర పరీక్షల ఫలితానికి దగ్గరగా వచ్చింది. కాబట్టి ఆరో తరగతి జూలైలో గణితం, తెలుగు, ఇంగ్లిష్‌లో 40 నిమిషాల ట్యాబ్ పరీక్ష, పక్క మండలం సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) పర్యవేక్షణలో, పిల్లవాడి శాశ్వత ఐడీతో జతచేసి పెడితే చాలు. ర్యాంకుల సమీక్షలకు పోయే పనిదినాల కన్నా దానికి ఎక్కువ ఖర్చు కాదు.

ప్రైవేటు బడులతో పోలిక వచ్చినప్పుడు కూడా ఆరంభ స్థాయే కీలకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి నాలుగేళ్లు జరిగిన ఓచర్ ప్రయోగంలో (పిల్లల ప్రైవేటు బడి ఖర్చు భరించే ప్రయోగం) లాటరీలో ఎంపికై ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు, వెళ్లనివాళ్ల కన్నా తెలుగు, గణితాల్లో మెరుగవలేదు. హిందీలో మెరుగయ్యారు, ఆ బడులు తెలుగు, గణితాలకు తక్కువ సమయం ఇస్తూనే ఆ స్థాయి నిలబెట్టాయి, ఒక్కో పిల్లవాడిపై ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు లోపే. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ప్రచురించిన ఈ అధ్యయనాన్ని రెండు వైపుల వాదులూ సగమే చెబుతారు. మొత్తం చెప్పాలి.

పట్టిక ఎలా ఉండాలి

జిల్లా విద్యాధికారి కార్యాలయం ఈ ఏడాదే చేయగలిగినది ఇది. బడులను ముందు నాలుగు గుంపులు చేయాలి: ప్రవేశ పరీక్షతో చేర్చుకునేవి, కేజీబీవీలు, ఆశ్రమ పాఠశాలలు, అందరినీ చేర్చుకునే జెడ్పీ, ప్రభుత్వ, మున్సిపల్ బడులు. ఒక గుంపు వాటిని ఇంకో గుంపుతో పోల్చకూడదు. ప్రతి బడికి మూడేళ్ల సంఖ్యలు కలిపి, తొమ్మిదో తరగతి హారంతో ఉత్తీర్ణత, గుంపు సగటుతో తేడా, కింది పావు వంతు సగటు మార్కు, గణితం-సైన్స్ టీచరు ఉన్న నెలలు, తిరిగి చేర్చుకున్న పిల్లల సంఖ్య, ఆ ఐదు గడులు పెట్టాలి. ఊగిసలాట పాయింట్లను శాతం పక్కనే చిన్న అక్షరాల్లో వేయాలి.

వరుస సంఖ్యలకు బదులు మూడు తరగతులు చాలు. ఊగిసలాట తీసేశాక కూడా గుంపు సగటు కన్నా పైన ఉన్నవి, దాని దగ్గర ఉన్నవి, కింద ఉన్నవి. చాలా బడులు మధ్యలోకి వస్తాయి. అది పద్ధతి లోపం అనుకోకూడదు, వాటి మధ్య తేడా నిజంగానే అంత చిన్నది. కింది తరగతిలో వరసగా రెండేళ్లున్న బడికి మొదట వెళ్లాల్సింది నోటీసు కాకుండా ఎంఈవో (మండల విద్యాధికారి), ఒక సబ్జెక్ట్ నిపుణుడు కలిసి రెండు రోజుల పాటు తరగతుల్లో కూర్చునే సందర్శన. గణితం టీచరు నెలల గడి ఖాళీగా ఉన్నవాటికి సందర్శన కన్నా ముందు పోస్టు నింపాలి.

2022లో గ్రేడ్‌ల స్థానంలో మార్కులు తిరిగి వచ్చినప్పుడు ప్రైవేటు బడుల ర్యాంకుల ప్రకటనలను ఏపీ ప్రభుత్వం నిషేధించింది. పిల్లల మీద ఒత్తిడి గురించి అప్పుడు చెప్పిన కారణాలన్నీ సర్కారు బడుల జాబితాలకూ వర్తిస్తాయి. ఈ పట్టికను సప్లిమెంటరీ ఫలితాలు, రీవెరిఫికేషన్ పూర్తయ్యాకే బయట పెట్టాలి. బడులు తెరిచిన మొదటి వారాల్లో విద్యా కమిటీ సమావేశంలో చదివి వినిపించాలి, ఎందుకంటే తమ పిల్లవాడికి గణితం టీచరు ఎన్ని నెలలు ఉన్నారన్న ప్రశ్నకు సమాధానం మొదట వినాల్సింది ఆ తల్లిదండ్రులే.